గవర్నర్‌పేట ఫైల్ సర్వర్ డైరీ: లినక్స్‌లో వేడి కొలిచిన ఎనిమిది వారాలు

విజయవాడ గవర్నర్‌పేటలో మా అన్నయ్యది డీటీపీ షాపు. పైన డాబా గదిలో ఒక పాత డెస్క్‌టాప్‌ని ఫైల్ సర్వర్‌గా నడుపుతున్నాం. శుభలేఖల డిజైన్లు, ఫ్లెక్సీల ఫైళ్లు అన్నీ అందులోనే ఉంటాయి. ఏప్రిల్ మొదటి వారంలో అది మధ్యాహ్నం పూట మూడుసార్లు దానంతటదే ఆగిపోయింది. అసలే ముహూర్తాల సీజను. కింద నుంచి అన్నయ్య ఫోను: "ఫైళ్లు ఓపెన్ కావట్లేదురా, కస్టమరు ఎదురుగా కూర్చున్నాడు, ఒకసారి పైకెళ్లి చూడు." కరెంటు పోలేదు, యూపీఎస్ బాగానే ఉంది. ఆగాక పవర్ బటన్ నొక్కితే పావుగంట దాకా ఉలుకూ పలుకూ ఉండేది కాదు, ఆ తర్వాత మామూలుగా లేచేది. ఈ పావుగంట సంగతి గుర్తుపెట్టుకోండి. నేను ఐదు వారాలు దాన్ని పట్టించుకోలేదు.

మెషీను వివరాలు: ఇంటెల్ కోర్ ఐ5 4570, నాలుగు కోర్లు, ప్రాసెసర్‌తో వచ్చిన మామూలు కూలరు, 8 జీబీ ర్యామ్, ఓఎస్‌కి ఒక ఎస్ఎస్‌డీ, ఫైళ్లకి రెండు 2 టీబీ హార్డ్ డిస్కులు. ఓఎస్ డెబియన్ 12 (లినక్స్‌లో ఒక రకం). మానిటర్ లేదు, పని మొత్తం ఎస్ఎస్‌హెచ్ (ఇంకో కంప్యూటరు నుంచి నెట్‌వర్క్ మీద కమాండ్లు ఇచ్చే పద్ధతి) మీదే.

ఎవరైనా ఇదే పని మొదలుపెడితే నేను పోగొట్టుకున్న రోజులు వాళ్లు పోగొట్టుకోకూడదని ఈ లెక్క రాస్తున్నాను.

దశ 1: ఏప్రిల్ 6 – 9. కదలని నంబరు

లినక్స్‌లో వేడి కనిపించే చోట్లు రెండు. సిస్ ఫోల్డర్ లోపల క్లాస్ కింద "థర్మల్" ఒకటి, "హెచ్‌డబ్ల్యూమాన్" ఇంకొకటి. నేను మొదటిదాంట్లోకి వెళ్లి థర్మల్ జోన్ సున్నాలో "టెంప్" అనే ఫైలు చదివాను. 27800 అని వచ్చింది. ఇది డిగ్రీలో వెయ్యో వంతుల్లో ఉంటుంది కాబట్టి 27.8 డిగ్రీలు. చల్లగానే ఉంది కదా అనుకుని, నిమిషానికోసారి టైముతో పాటు ఆ నంబరు రాసే చిన్న స్క్రిప్టు పెట్టి వదిలేశాను.

నాలుగు రోజుల తర్వాత లాగ్ తెరిచాను. 5,760 వరసలు, అన్నిట్లోనూ 27.8. ఈలోగా మెషీను రెండుసార్లు ఆగింది. ఆ రెండుసార్లూ ఆగడానికి ముందు కూడా 27.8.

గదిలో గోడకి ఉన్న థర్మామీటరు అప్పుడు 37 చూపిస్తోంది. గది 37లో ఉంటే అందులో నడుస్తున్న కంప్యూటరు లోపల 27.8 ఎలా ఉంటుంది? గాలితో చల్లబడే వస్తువు ఆ గాలికంటే చల్లగా ఉండటం జరగని పని. ఇంత చిన్న విషయం మొదటి రోజే తట్టాల్సింది.

ఆ జోన్ పక్కనే "టైప్" అనే ఫైలు ఉంటుంది. చదివితే "ఏసీపీఐటీజెడ్" అని ఉంది. అంటే ఆ నంబరు ప్రాసెసర్ చెబుతున్నది కాదు, మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్ (బోర్డులోనే ఉండే ప్రోగ్రాం) అందిస్తున్నది. కొన్ని బోర్డుల్లో దాని వెనక సెన్సరే ఉండదు, ఒక స్థిరమైన అంకె రాసిపెట్టి ఉంటుంది. మా బోర్డు అలాంటిదే.

ఏ రీడింగునైనా లాగ్‌లోకి ఎక్కించే ముందు ఇప్పుడు నేను చేసే పరీక్ష:

1. ఆ నంబరు ఎవరిదో "టైప్" లేదా "నేమ్" ఫైలులో చదవాలి.
2. ఒక నిమిషం ప్రాసెసర్ మీద పూర్తి లోడు వేయాలి. నంబరు కదలాలి.
3. లోడు తీసేయాలి. నంబరు దిగాలి.
4. గది వేడితో పోల్చాలి. గదికంటే తక్కువ చూపిస్తే దాన్ని పక్కన పడేయాలి.

ఇప్పటిదాకా: ఖర్చు 0. పని 2 గంటలు. వరసలు 5,760, అందులో పనికొచ్చేవి 0. కొలవడం మొదలుపెట్టాక మెషీను ఆగింది 2 సార్లు.

దశ 2: ఏప్రిల్ 10 – 14. అసలు సెన్సర్లు

సెన్సర్లని చదివే ఎల్ఎం-సెన్సార్స్ ప్యాకేజీ వేసి, రూట్‌గా (అన్ని అనుమతులూ ఉన్న యూజరుగా) సెన్సార్స్-డిటెక్ట్ నడిపాను. అది వరసగా చాలా ప్రశ్నలు అడుగుతుంది. ఎంటర్ కొట్టుకుంటూ పోతే ప్రమాదం లేని జవాబే తీసుకుంటుంది. ఒక్క చోట మాత్రం జాగ్రత్త. చివర్లో "దొరికిన మాడ్యూళ్లని ఈటీసీ మాడ్యూల్స్ ఫైలులో చేర్చమంటారా" అని అడిగినప్పుడు ఉత్త ఎంటర్ కొడితే "వద్దు" అని తీసుకుంటుంది. నేను అదే ఊపులో ఎంటర్ కొట్టేశాను. రీబూట్ చేశాక ఏవీ లోడ్ కాలేదు, అరగంట తల పట్టుకున్నాను. అక్కడ "యెస్" అని పూర్తిగా టైప్ చేయాలి.

కోర్‌టెంప్ మాడ్యూలు (ప్రాసెసర్ వేడి చదివే డ్రైవరు) లోడ్ అయ్యాక సెన్సార్స్ కమాండు నాలుగు కోర్లనీ, మొత్తం ప్యాకేజీనీ చూపించింది. హై 80, క్రిటికల్ 100. ఏ పనీ చేయనప్పుడు ప్యాకేజీ 58, గది 35. ఖాళీగా కూర్చున్న ప్రాసెసర్ గదికంటే 23 డిగ్రీలు పైన ఉందంటే అనుమానించాల్సిందే.

కోర్‌టెంప్ గురించి ఒక మాట. ఇంటెల్ చిప్‌లోని సెన్సరు నేరుగా వేడిని చెప్పదు, గరిష్ఠ హద్దుకి ఇంకా ఎన్ని డిగ్రీలు దూరం ఉందో చెబుతుంది. డ్రైవరు ఆ హద్దులోంచి ఆ దూరాన్ని తీసేసి మనకి డిగ్రీలుగా చూపిస్తుంది. అందుకే హద్దు దగ్గర్లో లెక్క నమ్మకంగా ఉంటుంది, కింద 40ల్లో కొంచెం అటూ ఇటూ అవుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు ఒక కోరు 44, ఇంకోటి 48 చూపిస్తే కంగారు పడక్కర్లేదు.

ఫ్యాన్ల వేగం చూడాలంటే బోర్డు మీదున్న ఇంకో చిప్ కావాలి. మాది ఐటీ8728ఎఫ్, దాని డ్రైవరు ఐటీ87. లోడ్ చేయబోతే "డివైస్ ఆర్ రిసోర్స్ బిజీ" అంది. కెర్నల్ (లినక్స్ గుండెకాయ) సందేశాలు చూపే డీమెసేజ్‌లో చూస్తే ఆ పోర్టులు ఏసీపీఐ (బోర్డు ఫర్మ్‌వేర్ ఏర్పాటు) కింద ఉన్నాయని ఉంది. బూట్ లైనులో "ఏసీపీఐ ఎన్‌ఫోర్స్ రిసోర్సెస్" విలువని "లాక్స్" చేస్తే లోడ్ అవుతుంది. కానీ అప్పుడు ఫర్మ్‌వేరూ, డ్రైవరూ ఒకే చిప్‌ని ఒకేసారి ముట్టుకునే అవకాశం ఉంటుంది. మూడు రోజులు మాత్రం పెట్టి, ఫ్యాన్లు రెండూ తిరుగుతున్నాయని తేల్చుకుని (సీపీయూది, అంటే ప్రాసెసర్‌ది, నిమిషానికి 1,900 చుట్లు, క్యాబినెట్‌ది 1,050) మళ్లీ తీసేశాను. ఆ చిప్ చూపించిన మూడో ఉష్ణోగ్రత మైనస్ 8. దేనికీ తగిలించని కాలు అది. దాన్ని లాగ్‌లోకి రానివ్వలేదు.

ఇప్పటిదాకా: ఖర్చు 0. పని 5 గంటలు. ఆగింది 3 సార్లు.

దశ 3: ఏప్రిల్ 15 – 18. పేర్లు మారిపోయిన ఫోల్డర్లు

హార్డ్ డిస్కుల వేడి కూడా లాగ్ చేద్దామని డ్రైవ్‌టెంప్ మాడ్యూలు చేర్చాను. 2020లో వచ్చిన 5.6 కెర్నల్ నుంచి ఇది లినక్స్‌లోనే ఉంది, వేరే ప్రోగ్రాం అక్కర్లేదు.

స్క్రిప్టులో సీపీయూ దారిని "హెచ్‌డబ్ల్యూమాన్ 1" అని నేరుగా రాసేశాను. రీబూట్ అయ్యాక లోడు పరీక్ష చేస్తే సీపీయూ 41 దగ్గర నిలబడింది. ఫ్యాను హోరు మెట్ల దాకా వినిపిస్తోంది, నంబరేమో 41. హోరుకీ నంబరుకీ పొంతన కుదరలేదు కాబట్టే పట్టుబడింది. మాడ్యూళ్లు లోడ్ అయ్యే వరసని బట్టి ఈ అంకెలు మారిపోతాయి. ఇప్పుడు 1వ నంబరు ఒక డిస్కుది అయింది. రెండు రోజుల పాటు సీపీయూ కాలమ్‌లో డిస్కు వేడి రాసుకున్నాను.

మార్చింది ఇది:

1. స్క్రిప్టు మొదలవగానే అన్ని హెచ్‌డబ్ల్యూమాన్ ఫోల్డర్లలోకీ వెళ్లి "నేమ్" ఫైలు చదువుతుంది.
2. "కోర్‌టెంప్" అని ఉన్నదాన్నే సీపీయూగా తీసుకుంటుంది.
3. డిస్కులకి పేరు ఒక్కటే చాలదు. ఎస్ఎస్‌డీ, రెండు హార్డ్ డిస్కులు మూడూ "డ్రైవ్‌టెంప్" అనే చెబుతాయి. డివైస్ లింకు లోపలికి వెళ్లి అది ఏ డిస్కో చూసుకుని, డెవ్ డిస్క్ బై-ఐడీలో ఉన్న సీరియల్ నంబరుతో జత చేయాలి. లినక్స్ డిస్కులకి పెట్టే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ పేర్లు కూడా బూట్ బూట్‌కీ మారొచ్చు.
4. వెతికింది దొరక్కపోతే స్క్రిప్టు ఆగిపోవాలి. ఖాళీ నింపడానికి ఏదో ఒక నంబరు రాయకూడదు.

ఇప్పటిదాకా: పని 7 గంటలు. పాడైన వరసలు 5,760కి ఇంకో 2,880 కలిసి 8,640. ఆగింది 4 సార్లు.

దశ 4: ఏప్రిల్ 19 – 25. నిద్రపోని డిస్కులు

రాత్రిళ్లు షాపు మూసేస్తారు కాబట్టి 20 నిమిషాలు పని లేకపోతే డిస్కులు ఆగేలా హెచ్‌డీపార్మ్‌తో (డిస్కు సెట్టింగులు మార్చే కమాండు) ముందే పెట్టి ఉంచాం. (అక్కడ 240 అని ఇస్తే 5 సెకన్ల లెక్కన 20 నిమిషాలు.) లాగ్‌లో మాత్రం తెల్లవారుజామున 4 గంటలకి కూడా డిస్కులు 43, 46 దగ్గరున్నాయి. గది 31. నిద్రపోతున్న డిస్కు అంత వెచ్చగా ఉండదు.

హెచ్‌డీపార్మ్‌కి పెద్ద సీ ఇచ్చి అడిగితే రెండూ "యాక్టివ్" అన్నాయి. కారణం నా స్క్రిప్టే. కొన్ని డిస్కుల్లో ఉష్ణోగ్రత అడగడం కూడా పని కిందే లెక్క, దాంతో నిద్ర టైమరు మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. నేను నిమిషానికోసారి అడుగుతున్నాను, 20 నిమిషాలు ఎప్పటికీ పూర్తి కావు. వేడి ఎంతుందో చూద్దామని పెట్టిన ఏర్పాటే వారం రోజులు డిస్కులని వేడిగా ఉంచింది.

డిస్కు వివరాలు చదివే ఇంకో కమాండు స్మార్ట్‌సీటీఎల్‌తో ప్రయత్నించాను. దానికి "ఎన్ స్టాండ్‌బై" అని చెబితే నిద్రలో ఉన్న డిస్కుని లేపదు. ఇది సగం మందే. మెలకువగా ఉన్నప్పుడు అడిగితే మా డిస్కుల్లో టైమరు మొదటికే వస్తోంది. చివరికి డిస్కుల రీడింగుని అరగంటకోసారికి మార్చాను. డిస్కు బరువైన లోహం, నిమిషంలో ఎగబాకే వస్తువు కాదు, అరగంట చాలు. సీపీయూ మాత్రం సెకన్లలో మారుతుంది, దాన్ని అలాగే ఉంచాను.

ఆ రాత్రి 4 గంటలకి డిస్కులు 33, 33.

ఇప్పటిదాకా: ఖర్చు 0. పని 10 గంటలు. ఆగింది 6 సార్లు.

దశ 5: ఏప్రిల్ 26 – మే 3. గది వేడి అనే కాలమ్

నిజమైన నంబర్లు చేతికొచ్చాక ఇంకో చిక్కు వచ్చింది. పొద్దున 8కి లోడు వేస్తే ఒక లెక్క, మధ్యాహ్నం 2కి వేస్తే ఇంకో లెక్క. ఏదైనా మార్పు చేస్తే అది మార్పు వల్లా, ఎండ వల్లా అని ఎలా తేలుతుంది? మన ఊళ్లలో డాబా గది ఒకే రోజులో 30 నుంచి 39కి వెళ్తుంది. అందుకే సీపీయూ వేడిలోంచి గది వేడి తీసేయగా మిగిలిందాన్ని వేరే కాలమ్‌గా పెట్టాను. దాన్ని "పైవేడి" అని రాసుకుంటున్నాను. కూలరు బాగుందో లేదో చెప్పేది అదే. డిసెంబరులో 70 అన్న మెషీను మేలో 82 అంటే అది పాడైనట్టు కాదు, పైవేడి పెరిగితే పాడైనట్టు.

గది వేడిని కంప్యూటరు చదవాలంటే: ఇంట్లో ఖాళీగా ఉన్న రాస్ప్‌బెరీ పై (ఒకే బోర్డు మీద ఉండే చిన్న కంప్యూటరు), దానికి డీఎస్18బీ20 సెన్సర్లు రెండు (వాటర్‌ప్రూఫ్ తొడుగుతో ఉన్నవి).

1. ఎర్ర తీగ 3.3 వోల్టులకి, నల్లది గ్రౌండుకి, పసుపుది 4వ జీపీఐఓ పిన్నుకి.
2. ఎర్ర తీగకీ పసుపు తీగకీ మధ్య 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టరు. ఇది మరిచిపోతే సెన్సరు అసలు కనిపించదు.
3. బూట్ కాన్ఫిగ్‌లో డబ్ల్యూ1-జీపీఐఓ ఓవర్‌లే చేర్చి రీబూట్ చేయాలి.
4. సిస్, బస్, డబ్ల్యూ1, డివైసెస్ కింద 28తో మొదలయ్యే ఫోల్డరు ఒక్కో సెన్సరుకి ఒకటి వస్తుంది. రెండు సెన్సర్లనీ ఒకే తీగ మీద కలపొచ్చు, దేని నంబరు దానికి ఉంటుంది.

ఏ ఫోల్డరు ఏ సెన్సరుదో తెలియాలంటే ఒకదాన్ని గుప్పిట్లో పట్టుకుని నంబర్లు చూస్తుండాలి. పొద్దున్నే చేయండి. నేను మధ్యాహ్నం చేశాను, గది 37, నా చెయ్యి 36, రెండు సెన్సర్లూ కదల్లేదు. చివరికి మజ్జిగ గ్లాసు బయటివైపు ఆనిస్తే ఒకటి గబగబా 20ల్లోకి దిగింది. దానికి తెల్ల దారం కట్టి "గది" అని రాసుకున్నాను.

ఈ సెన్సరులోనూ ఒక మోసపు నంబరు ఉంది. కరెంటు అందగానే దాని మెమరీలో 85 డిగ్రీలు ఉంటాయి. కొలత పూర్తికాకముందే చదివితే, లేదా తీగ వదులై కరెంటు తెగి మళ్లీ వస్తే, సరిగ్గా 85.000 వస్తుంది. లాగ్‌లో రెండుచోట్ల గది 85 అని పడింది. సరిగ్గా 85 వస్తే ఆ రీడింగుని వదిలేసి మళ్లీ చదివేలా మార్చాను. సెన్సరు కచ్చితత్వం అర డిగ్రీ అటూ ఇటూ, మన పనికి ఎక్కువే.

ఇప్పటిదాకా: సెన్సర్లు 300, తీగలు, రెసిస్టర్లు 65. మొత్తం రూ. 365. పని 14 గంటలు. ఆగింది 8 సార్లు.

దశ 6: మే 4 – 8. కూలరు విప్పిన రోజు

ప్రాసెసర్ మీద లోడు వేసే స్ట్రెస్-ఎన్‌జీకి నాలుగు సీపీయూలు, పది నిమిషాలు అని ఇచ్చి పరీక్ష. ప్రతిసారీ ఒక్కటే మార్పు. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పని చేసిందో ఎప్పటికీ తెలియదు.

ఉన్నది ఉన్నట్టుగా: గది 36.5. 95 సెకన్లలో 100 తాకింది. తాకి అక్కడే నిలబడింది. ఇక్కడ పైవేడి లెక్క చెల్లదు, ఎందుకంటే ప్రాసెసర్ తనని తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటోంది. ఈ చిప్ మామూలు వేగం 3.2 గిగాహెర్ట్జ్, అది 2.5కి దిగింది. సీపీయూ సున్నా ఫోల్డర్లో "థర్మల్ థ్రాటిల్" కింద ఉన్న లెక్క (వేడికి ఎన్నిసార్లు వేగం తగ్గిందో) పరీక్షకి ముందు 0, తర్వాత 1,140. ఉష్ణోగ్రత ఒక్కటే చూస్తే "100 దగ్గర స్థిరంగా ఉంది" అనిపిస్తుంది, కాబట్టి వేగం కాలమ్ కూడా పెట్టుకోండి.

దుమ్ము దులిపాక: గది 36, సీపీయూ 97, పైవేడి 61. కూలరు రెక్కల మధ్య దుమ్ము పరుపులా పేరుకుంది. బ్రష్షుతో తీసేటప్పుడు, గాలి కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కని వేలితో పట్టుకుని ఆపండి. గాలికి ఇష్టమొచ్చినట్టు తిరిగితే బేరింగు దెబ్బతింటుంది.

ఆ దుమ్ము తీస్తుంటేనే కనపడింది. ఈ కూలరుకి నాలుగు మూలలా నాలుగు నొక్కుడు పిన్నులు ఉంటాయి. ఒక్కో పిన్ను కింద తెల్ల ప్లాస్టిక్కు రెండు పాయలుగా చీలి బోర్డు అడుగున విచ్చుకోవాలి. ర్యామ్ వైపు మూలన ఉన్న పిన్ను విచ్చుకోలేదు. పైనుంచి చూస్తే మిగతా మూడింటిలాగే ఉంది. వేలితో పట్టుకుని కదిపితే మాత్రం ఆ మూల గోరంత లేస్తోంది. పిన్నుని బాణం గుర్తు చూపించే వైపు తిప్పి, పైకి లాగి, మళ్లీ మొదటి స్థానానికి తెచ్చి, కింద బోర్డు వంగకుండా చెయ్యి పెట్టి నొక్కాను. టక్‌మని శబ్దం వచ్చింది. అదొక్కటే చేసి మళ్లీ పరీక్ష.

పిన్ను సరిచేశాక: గది 35.5, సీపీయూ 84, పైవేడి 48.5.

కూలరుకీ ప్రాసెసర్‌కీ మధ్య ఉండే పేస్టు మార్చాక: గది 36, సీపీయూ 77, పైవేడి 41. పాత పేస్టు ఎండిన సున్నంలా పొడిపొడిగా రాలింది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, మధ్యలో కందిగింజంత పెట్టాను.

దుమ్ము తీశాక దిగిన 20 డిగ్రీల్లో పిన్ను వాటా 12.5, పేస్టు వాటా 7.5. నేను ముందే పేస్టు మార్చి ఉంటే, కూలరు విప్పి బిగించడంలో పిన్ను కూడా కూర్చునేది, మొత్తం ఘనత పేస్టుకి రాసి ఉండేవాణ్ని. ఖాళీగా ఉన్నప్పటి పైవేడి 23 నుంచి 11కి వచ్చింది.

ఇప్పటిదాకా: 365కి పేస్టు 220, ఆల్కహాల్ 150, బ్రష్షు 40 కలిపి రూ. 775. పని 17 గంటలు. ఈ ఐదు రోజుల్లో ఒక్కసారి కూడా ఆగలేదు. కానీ ఈ ఐదింట్లో మూడు రోజులు మబ్బు పట్టి గది 33 దాటలేదు. అన్నయ్య "అయిపోయినట్టేనా?" అని అడిగితే "ఎండ రానీ అన్నయ్యా, అప్పుడు చెప్తా" అన్నాను.

దశ 7: మే 9 – 16. కావాల్సిన వరసలే లేవు

మే 11న ఎండ వచ్చింది, మెషీను ఆగింది. లాగ్‌లో చివరి వరస అంతకు 12 నిమిషాల ముందుది. ఎస్ఎస్‌డీ అరిగిపోతుందేమోనని లాగ్‌ని ర్యామ్‌లో ఉంచి పావుగంటకోసారి డిస్కు మీదికి దించుతున్నాను. ఇంతకుముందు ఆగిన ఎనిమిదిసార్లూ ఇలాగే చివరి నిమిషాలు పోయాయి. సీపీయూ నంబర్లు నిండుగా కనిపిస్తుంటే, సరిగ్గా అవసరమైన చోట కోసేసి ఉన్నాయని చూసుకోలేదు. లెక్క వేస్తే ఒక వరస 60 బైట్లు, రోజుకి 86 వేల బైట్లు. ఎస్ఎస్‌డీకి అది లెక్కలోకే రాదు.

మార్పులు: ప్రతి వరస రాయగానే సింక్ (వెంటనే డిస్కు మీదికి దించడం). అదే వరసని లాగర్ కమాండుతో నెట్‌వర్క్ మీద రాస్ప్‌బెరీ పైకి కూడా పంపడం. విరామం 60 సెకన్ల నుంచి 10 సెకన్లకి తగ్గింపు, అంటే రోజుకి 8,640 వరసలు.

మే 14న మధ్యాహ్నం 2:41కి మళ్లీ ఆగింది. ఈసారి చివరి వరస ఆగడానికి 10 సెకన్ల లోపుది. సీపీయూ 58, గది 38.4, డిస్కులు 47, 51. థ్రాటిల్ లెక్క 0.

58 దగ్గర ప్రాసెసర్ ఎందుకు ఆగుతుంది? వేడెక్కితే ఇది ముందు 100 దగ్గర వేగం తగ్గిస్తుంది, అది మనం కళ్లారా చూశాం. హద్దు దాటిందని కెర్నలే మెషీన్ని ఆపితే "క్రిటికల్ టెంపరేచర్" అని రాసి ఆపుతుంది. సిస్టమ్ లాగ్ చూపే జర్నల్‌సీటీఎల్‌లో ముందటి బూట్ చివర చూస్తే అలాంటి మాట ఒక్కటీ లేదు, షట్‌డౌన్ మొదలైన ఆనవాలు కూడా లేదు. తీగ పీకినట్టు ఆగింది. అంటే ఆపింది లినక్స్ కాదు, ప్రాసెసరూ కాదు.

ఐదు వారాలుగా సెన్సరున్న వస్తువులని మాత్రమే చూస్తున్నాను. ఒక కాగితం మీద మెషీన్లో ఉన్నవన్నీ రాసి, లాగ్‌లో ఉన్నవాటికి టిక్కు పెట్టాను. టిక్కు పడనివి రెండు మిగిలాయి: ర్యామ్, పవర్ సప్లై. పవర్ సప్లైలో ఫ్యాను ఉంది, వేడి ఉంది, లినక్స్‌కి చెప్పే తీగ మాత్రం లేదు. ఆగాక పావుగంట లేవకపోవడం అప్పుడు అర్థమైంది. చల్లబడే దాకా అది కరెంటు ఇవ్వట్లేదు.

ఇప్పటిదాకా: రూ. 775. పని 19 గంటలు. ఆగింది 10 సార్లు.

దశ 8: మే 17 – 31. తీగ లేని చోట

రెండో డీఎస్18బీ20ని పవర్ సప్లై వెనక జాలీకి, గాలి బయటికొచ్చే చోట, జిప్ టైతో కట్టాను. లోపలికి దూర్చలేదు, దూర్చకూడదు. మే 19 మధ్యాహ్నం వరసలు ఇలా ఉన్నాయి:

- 12:00 – గది 35.9, సీపీయూ 49, పవర్ సప్లై గాలి 51.2
- 1:00 – గది 37.3, సీపీయూ 54, పవర్ సప్లై గాలి 56.8
- 2:00 – గది 38.6, సీపీయూ 57, పవర్ సప్లై గాలి 61.9
- 2:22 – గది 38.8, సీపీయూ 57, పవర్ సప్లై గాలి 63.4. తర్వాత వరస లేదు.

సీపీయూ పైవేడి 13 నుంచి 18కి వెళ్లి అక్కడే ఆగింది. పవర్ సప్లై పైవేడి మాత్రం ఆగకుండా 15 నుంచి 25కి ఎక్కింది. జాలీ దగ్గర టిష్యూ కాగితం ముక్క పట్టుకుంటే కదల్లేదు. టార్చి వేసి చూస్తే లోపలి ఫ్యాను నిలిచిపోయి ఉంది. తీగ తీసేసి, జాలీ సందులోంచి చీపురు పుల్లతో రెక్కని తోస్తే పావు చుట్టు తిరిగి ఆగింది. బేరింగు పట్టేసింది.

విప్పి ఫ్యాను మార్చొచ్చని కొందరు చెప్పారు. పవర్ సప్లై లోపలి కెపాసిటర్లలో తీగ తీసేశాక కూడా ప్రమాదకరమైన కరెంటు నిలవుంటుంది. ఆ పని తెలియని వాళ్లు డబ్బా తెరవకండి, నేనూ తెరవలేదు. కొత్త 450 వాట్లది కొని మే 20న బిగించాను.

ఆ మర్నాడు మధ్యాహ్నం 2:30: గది 39.1, సీపీయూ 55, పవర్ సప్లై గాలి 45.6. కాగితం ముక్క గాలికి రెపరెపలాడింది.

ఫ్యాన్ల వేగం నడిపే ఫ్యాన్‌కంట్రోల్ ప్రోగ్రాం కూడా ఒకరోజు పెట్టి చూసి తీసేశాను. దాని కాన్ఫిగరేషన్‌లో హెచ్‌డబ్ల్యూమాన్ అంకెలే ఉంటాయి, అవి మారగానే కాన్ఫిగరేషన్ పాతబడిందని చెప్పి సర్వీసు లేవలేదు. షాపు మెషీనులో సీపీయూ ఫ్యాను బాధ్యత బయోస్‌కి వదిలేయడమే మంచిదని నా నిర్ణయం.

ఇప్పుడు నా ఫోనుకి టెలిగ్రామ్ మెసేజ్ వచ్చే షరతులు:

1. సీపీయూ పైవేడి వరసగా 3 నిమిషాలు 45 దాటితే.
2. సీపీయూ గది వేడితో పని లేకుండా 90 దాటితే.
3. పవర్ సప్లై గాలి పైవేడి 12 దాటితే.
4. థ్రాటిల్ లెక్క ఒకటి పెరిగినా.
5. ఏ నంబరైనా 3 గంటల పాటు అసలు మారకపోతే. 27.8 కోసం పెట్టిన షరతు ఇది.
6. రాస్ప్‌బెరీ పైకి 2 నిమిషాలు ఏ వరసా రాకపోతే.

ఈ షరతులు చూసే స్క్రిప్టు సర్వర్లో కాదు, రాస్ప్‌బెరీ పైలో నడుస్తుంది. ఆగిపోయిన మెషీను తను ఆగానని చెప్పలేదు కదా.

మే 31 నాటికి: మొత్తం ఖర్చు 775కి పవర్ సప్లై 2,450 కలిపి రూ. 3,225. పని 22 గంటలు. ఆగింది 11 సార్లు, ఆఖరిది మే 19న. ఆ తర్వాత గది 40.2 దాకా వెళ్లింది, మెషీను నడుస్తూనే ఉంది. అన్నయ్య నిన్న ఒకే రోజు పధ్నాలుగు శుభలేఖల ఫైళ్లు ప్రెస్సుకి పంపాడు.

మిగిలిన పని: పై డిస్కు ఎప్పుడూ కిందిదానికంటే 3, 4 డిగ్రీలు ఎక్కువ చూపిస్తోంది. రెండూ ఆనుకుని ఉన్నాయి, కింద ఒక అర ఖాళీగా ఉంది. ఆదివారం షాపు మూసి ఉన్నప్పుడు కిందిదాన్ని ఇంకో అర కిందికి దించి, రెండు మధ్యాహ్నాలు కొలిచి ఇక్కడే రాస్తాను.